రెండున్నర × మూడుంబావు: భిన్నాల్లో విభాగ న్యాయాన్ని గళ్ల కాగితం మీద చూపించడం

విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో వంకాయలు కిలో 48 రూపాయలనుకుందాం. రెండుంబావు కిలోలు తూచిన మనిషి 2¼ను 9/4గా మార్చి 48తో గుణించడు. "రెండు కిలోలకి తొంభై ఆరు, పావుకి పన్నెండు, నూట ఎనిమిది ఇవ్వండి" అంటాడు. అతను చేసింది విభాగ న్యాయమే: సంఖ్యని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ గుణించి, కలపడం. ఏడో తరగతి పిల్లవాడు మాత్రం 2½ × 3¼ చూసి, రెండు మూళ్లు ఆరు, అరలో పావు అరపావు అనుకుని 6⅛ అని రాసేస్తాడు. అసలు జవాబు 8⅛. మధ్యలో రెండు ఎటో పోయింది.

బజారులో ఒక సంఖ్యే విడిపోతుంది. 48 విడదు, 2¼ ఒక్కటే రెండూ పావుగా విడుతుంది. నోటుబుక్కులో రెండు సంఖ్యలూ విడతాయి, అప్పుడు ముక్కలు నాలుగవుతాయి. నోటితో చెప్పుకుంటే నాలుగూ గుర్తుండవు. బొమ్మ గీస్తే నాలుగూ కళ్ల ముందే ఉంటాయి, ఒకటి వదిలేస్తే కాగితం మీద ఖాళీగా కనిపిస్తుంది. ఆ బొమ్మ పేరే వైశాల్య నమూనా, పిల్లలు ఏరియా మోడల్ అంటారు. ఆంధ్రప్రదేశ్ బడి పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉన్నాయి కాబట్టి డిస్ట్రిబ్యూటివ్ ప్రాపర్టీ అన్నా, విభాగ న్యాయం అన్నా పిల్లలకి తెలియాలి. రెండు పేర్లూ ఒకటేనని మొదటి రోజే చెప్పండి.

ఒక సౌకర్యం మన భాషలోనే ఉంది. రెండున్నర అంటే రెండూ అరా. మూడుంబావు అంటే మూడూ పావూ. ఎక్కడ కొయ్యాలో మాటే చెబుతోంది. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు పిల్లల చేత సంఖ్యని తెలుగులో పైకి చదివించండి. "టూ వన్ బై టూ" అని చదివే పిల్లలకి అందులో కూడిక వినపడదు.

కావలసినవి

గళ్ల నోటుబుక్కు, స్కేలు, పెన్సిలు, రబ్బరు, రెండు రంగుల కలర్ పెన్సిళ్లు, కత్తెర. అంతే.

స్కెచ్ పెన్నులు వద్దు. ఈ పద్ధతిలో ఒక రంగు మీద ఇంకో రంగు పడ్డ చోటే జవాబు ఉంటుంది. స్కెచ్ పెన్ను కింది రంగుని మింగేస్తుంది. పైగా విశాఖ ఉక్కపోతకి పల్చటి కాగితం మెత్తబడి ఉంటుంది కాబట్టి సిరా వెనక పేజీకి దిగిపోతుంది. పసుపు, నీలం కలర్ పెన్సిళ్లు తేలిగ్గా రుద్దితే రెండూ కలిసిన చోట ఆకుపచ్చ వస్తుంది. ఏ గళ్లు రెండు లెక్కల్లోకీ వచ్చాయో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

మిల్లీమీటర్ల గ్రాఫ్ పేపరు కూడా మొదట్లో వద్దు. చిన్న గళ్లు లెక్కపెట్టలేక పిల్లలు విసుగెత్తిపోతారు. అదే దొరికితే సెంటీమీటరుకొకటి ఉండే ముదురు గీతల్నే వాడుకోండి.

తెల్ల కాగితం మడతపెట్టి చూపిద్దామనుకుంటే అర, పావు, అరపావు బాగానే వస్తాయి. మూడో వంతు దగ్గర చిక్కొస్తుంది, అందాజుగా మడిస్తే ఒక భాగం పెద్దదవుతుంది. ఏ4 కాగితమైతే కొలిచి మడవండి. పొడవు 297 మిల్లీమీటర్లు కనుక మూడో వంతు సరిగ్గా 99, వెడల్పు 210 కనుక మూడో వంతు 70. భాగాలు సమానంగా లేకపోతే అది ⅓ కాదు, దాని మీద చేసే లెక్కంతా తప్పే.

అన్నిటికంటే ముందు: "ఒకటి" ఎంత?

సగం తప్పులు ఇక్కడే పుడతాయి, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

బొమ్మ గీసే ముందు పేజీ మూల ఒక చిన్న చదరం గీసి, పైన 1, పక్కన 1 అని రాయండి. అది "నిండు ఒకటి". లెక్క అయ్యేదాకా దాన్ని చెరపకూడదు. దాని కొలత హారాలని బట్టి ఉంటుంది. అడ్డంగా పోయే సంఖ్య హారం 4 అయితే అడ్డంగా 4 గళ్లు, నిలువుగా పోయే సంఖ్య హారం 2 అయితే నిలువుగా 2 గళ్లు. అప్పుడు నిండు ఒకటిలో 8 గళ్లుంటాయి, ఒక్కో గడీ ⅛.

అలా గీస్తే ఒకటి చదరంలా కాక పొడుగ్గా కనిపిస్తుంది. లెక్కకి ఏ ఇబ్బందీ లేదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు "ఇది ఒకటి బై ఒకటి ఎలా అవుతుంది?" అని అడుగుతారు, అడగాలి కూడా. అందుకని మొదటి నాలుగైదు లెక్కలకి రెండు వైపులా సమానంగా గళ్లు తీసుకోండి: హారాలు 2, 4 అయితే 4 × 4. ఒకటికి 16 గళ్లు. అలవాటయ్యాక పొదుపు చేసుకోవచ్చు. హారాలు 3, 4 అయితే సమానంగా తీసుకోవాలంటే 12 × 12 కావాలి, నోటుబుక్కు పేజీ చాలదు. అక్కడ 4 × 3 తీసుకోక తప్పదు.

భిన్నంలో భిన్నం

విభాగ న్యాయానికి ముందు ½ × ¾ బొమ్మ వచ్చి ఉండాలి. అడ్డంగా 4, నిలువుగా 2 గళ్లతో నిండు ఒకటి గీయండి. దీన్ని పళ్లెంలో పోసి ఆరబెట్టిన కొబ్బరి లౌజు అనుకోండి. అడ్డంగా నాలుగు భాగాల్లో మూడింటికి, పైనుంచి కింది దాకా, పసుపు రుద్దండి. అది ముప్పావు పళ్లెం. నిలువుగా రెండు వరసల్లో పై వరసంతా నీలం రుద్దండి. అది అర. ఆకుపచ్చ పడ్డవి మూడు గళ్లు, మొత్తం ఎనిమిది. జవాబు ⅜.

హారాలు ఎందుకు గుణించుకుంటాయో ఇక్కడ తెలుస్తుంది. అడ్డం నాలుగు భాగాలు, నిలువు రెండు భాగాలు కలిస్తే ఎనిమిది ముక్కలు. లవాలు గుణించుకునేదీ అందుకే, రంగు పడ్డ మేరకి 3 అడ్డం, 1 నిలువు. పెద్దవాళ్ల మాటల్లో ఈ లెక్కలు కొన్ని పేర్లతో సహా ఉన్నాయి: పావులో పావు వీసం, పావలాలో సగం బేడ, పావలాలో పావు అణా. వీసం అంటే పదహారో వంతు, 1957కి ముందు రూపాయికి పదహారు అణాలుండేవి. 4 × 4 బొమ్మ గీసి ఒక్క మూల గడికి రంగు వేయించి దాని పేరు వీసం అని చెప్పండి, ¼ × ¼ మళ్లీ తప్పరు.

ఒక వైపే కోత

3 × 2¼తో మొదలుపెట్టండి. నిలువు 3, అడ్డం 2¼. అడ్డం గీతలో 2 దగ్గర కింది దాకా ఒక నిలువు గీత గీయండి. ఎడమ ముక్క 3 × 2 = 6. కుడి పట్టీ 3 × ¼ = ¾. కలిపితే 6¾. ఇది రైతుబజారు లెక్కే, కాకపోతే ఇప్పుడు బొమ్మ ఉంది.

తర్వాత కోతకి రెండు వైపులా భిన్నాలే ఉండే లెక్క ఒకటి తప్పకుండా చేయించాలి: ⅔ × (¼ + ½). చాలామంది దీన్ని దాటేసి నేరుగా మిశ్రమ భిన్నాలకి వెళ్లిపోతారు. అది పొరపాటు. విభాగ న్యాయం ఎందుకు నిజమో తేలేది ఈ లెక్కలోనే.

నిండు ఒకటి అడ్డం 4, నిలువు 3, మొత్తం 12 గళ్లు. అడ్డంగా మొదటి నిలువు వరస ¼, పక్కన రెండు వరసలు ½, నాలుగోది ఖాళీ. ¼కీ ½కీ మధ్య గీత ముదురుగా దిద్దండి. ఇప్పుడు నిలువుగా మూడు వరసల్లో పై రెండింటికి రంగు వేయండి, నాలుగో నిలువు వరస జోలికి పోకుండా. ముదురు గీతకి ఎడమ పక్క 2 గళ్లు, అంటే 2/12 = ⅙. కుడి పక్క 4 గళ్లు, అంటే 4/12 = ⅓. కలిపి ½.

ఇక రబ్బరు తీసుకుని ఆ ముదురు గీత చెరిపించండి. రంగు గళ్లు ఆరే. ఒకటి పెరగలేదు, ఒకటి తగ్గలేదు. గీత ఉన్నప్పుడు దాన్ని ⅔ × ¼ + ⅔ × ½ అన్నాం, చెరిపాక ⅔ × ¾ అంటున్నాం. కాగితం అదే, పేరే మారింది. విభాగ న్యాయం అంటే ఇంతకు మించి ఏమీ లేదు. పెద్ద లెక్కలకి వెళ్లాక పిల్లలకి అనుమానం వస్తే మళ్లీ ఈ పేజీకే తీసుకురండి.

సంఖ్యని ముక్కలు చేసి గుణించడం మన దేశంలో పాత అలవాటే. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో 135ను 12తో గుణించే పద్ధతుల్లో ఒకటిగా 12ను 8, 4గా విడగొట్టాడు.

రెండు వైపులా కోత: 2½ × 3¼

అసలు పని ఇది. ఒక్కో అడుగూ ఇక్కడ చెప్పిన వరసలోనే చేయించండి.

1. పేజీ మూల 4 × 4 గళ్లతో నిండు ఒకటి గీసి "16 గళ్లు = 1" అని రాయాలి.

2. పెద్ద దీర్ఘచతురస్రం గీయాలి. అడ్డం 3¼ అంటే మూడు నాలుగులు పన్నెండు, పావుకి ఒకటి, మొత్తం 13 గళ్లు. నిలువు 2½ అంటే 8, అరకి 2, మొత్తం 10 గళ్లు.

3. అడ్డంగా 12వ గడి తర్వాత పైనుంచి కిందికి ఒక గీత. నిలువుగా 8వ గడి తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక గీత. రెండు గీతలూ చివరి దాకా పోవాలి. మధ్యలో ఆగిపోతే మూడు ముక్కలే వస్తాయి. పిల్లల బొమ్మల్లో మూడు ముక్కలు కనిపించాయంటే కారణం ఇదే.

4. కొలతలు బొమ్మ బయట రాయాలి. పైన 3, ¼. పక్కన 2, ½. లోపల ఇంకా ఏమీ రాయకూడదు.

5. ఇప్పుడు ఒక్కో ముక్కలో దాని పైనున్న కొలతని పక్కనున్న కొలతతో గుణించి రాయాలి.

| | 3 | ¼ |
|---|---|---|
| 2 | 6 | ½ |
| ½ | 1½ | ⅛ |

6. కూడిక. ముందు నిండు సంఖ్యలు, తర్వాత భిన్నాలు: 6 + 1 = 7. ½ + ½ = 1, కాబట్టి 8. మిగిలింది ⅛. జవాబు 8⅛. ఎదురుగా ½లు రెండు కనిపిస్తుంటే క.సా.గు. కోసం అన్నిటినీ ఎనిమిదో వంతులుగా మార్చనక్కర్లేదు. జత కుదిరేవాటిని ముందు కలపడం అలవాటు చేయండి.

7. సరిచూసుకోవడం. నాలుగు ముక్కల్లో గళ్లు లెక్కపెడితే 96, 8, 24, 2. మొత్తం 130. 16 గళ్లు ఒకటి కనుక 130 ÷ 16 అంటే ఎనిమిది పదహార్లు 128 పోగా 2 మిగిలింది: 8 2/16, అంటే 8⅛.

ఏడో అడుగు దండగ అనుకోకండి. ఐదో అడుగులో చేసిన గుణకారాన్ని, సంబంధం లేని ఇంకో దారిలో గళ్లు నిజమో కాదో చెప్పేస్తాయి. టీచరు దిద్దక్కర్లేదు.

అపక్రమ భిన్నంగా మార్చి 5/2 × 13/4 = 65/8 చేస్తే రెండు వరసల్లో అయిపోతుంది కదా అంటే, నిజమే, అయిపోతుంది. ఈ లెక్కకి అదే తొందర దారి, పరీక్షలో అదే రాయనివ్వండి. కానీ 6⅛ ఎందుకు తప్పో ఆ దారి చెప్పదు. బొమ్మ చెబుతుంది.

ఎక్కడెక్కడ తప్పుతారు

మొదటిది చెప్పుకున్నదే, 6⅛. ఎడమ పై మూల, కుడి కింది మూల మాత్రమే లెక్కేసి మిగతా రెండు ముక్కలు వదిలేయడం. పిల్లవాడి బొమ్మలో 6, ⅛ ఉన్న ముక్కలకే రంగు వేయించండి. తెల్లగా మిగిలిన రెండు పట్టీలు ½, 1½. కలిపితే 2. సరిగ్గా అంతే తగ్గింది.

రెండోది, కుడి పై పట్టీలో ½కి బదులు ¼ అని రాయడం. పైన ¼ కనిపిస్తోంది కదా అని అదే లోపలికి దించేస్తారు. పైనున్నది పొడవు, లోపలుండేది వైశాల్యం. ఆ పట్టీ వెడల్పు పావే గాని నిలువు రెండుంది. నాలుగో అడుగులో కొలతలన్నీ బయటే రాయమన్నది ఇందుకే.

మూడోది పట్టుకోవడం కొంచెం కష్టం. గళ్లు 130 ఉన్నాయి కాబట్టి ఒక్కో గడీ 1/130 అంటారు. బొమ్మ మొత్తాన్ని ఒకటి అనుకున్నారన్నమాట. క్రమ భిన్నాల్లో బొమ్మ మొత్తం ఒకటే కావడం వల్ల ఆ అలవాటు పడుతుంది, మిశ్రమ భిన్నాలకి వచ్చాక అది ఎదురు తిరుగుతుంది. వాదించకుండా పేజీ మూల నిండు ఒకటిని వేలితో చూపించండి.

నాలుగోది విభాగ న్యాయాన్ని అక్కర్లేని చోటికి లాక్కెళ్లడం. ½ × (4 × 6) చూసి రెండింటినీ సగం చేసి 2 × 3 = 6 అంటారు. అసలు జవాబు 12. 4 × 6 దీర్ఘచతురస్రం గీసి రెండు వైపులా సగానికి కోస్తే మిగిలేది సగం కాదు, పావు. విభాగ న్యాయం లోపల కూడికో తీసివేతో ఉన్నప్పుడే. అలాగే హారాన్ని విడగొట్టకూడదు: 12 ÷ (4 + 2) అంటే 2, కానీ 12 ÷ 4, 12 ÷ 2 కలిపితే 9. కొయ్యదగ్గది బొమ్మ వైపుల్ని.

పావు తక్కువ మూడు

గడియారం 2:45 చూపిస్తే పావు తక్కువ మూడు అంటాం. ఆ మాటలో తీసివేత ఉంది. 2¾ను 2 + ¾గా కొయ్యడం కంటే 3 − ¼గా చూడటం చాలాసార్లు తేలిక.

5 × 2⅞ తీసుకోండి. అరపావు తక్కువ మూడు. అడ్డం 3, నిలువు 5 ఉన్న బొమ్మ గీసి, కుడి చివర ⅛ వెడల్పున్న పట్టీకి అడ్డ గీతలు కొట్టేయండి. నిండు బొమ్మ 15, పట్టీ 5 × ⅛ = ⅝. మిగిలింది 14⅜.

రెండు వైపులా తక్కువైతే జాగ్రత్తగా చూడాలి. 2¾ × 1⅔ చేద్దాం, అంటే (3 − ¼) × (2 − ⅓). నిండు ఒకటి అడ్డం 4, నిలువు 3, మొత్తం 12 గళ్లు. నిండు బొమ్మ అడ్డం 12, నిలువు 6, మొత్తం 72 గళ్లు, అంటే 6.

కుడి చివర నిలువు వరస ఒకటి పోవాలి. అందులో 6 గళ్లు, అంటే ½. కింద అడ్డ వరస ఒకటి పోవాలి. అందులో 12 గళ్లు, అంటే 1. చాలామంది 6 − ½ − 1 = 4½ అని ఆపేస్తారు. ఇప్పుడు కత్తెర తీసుకుని నిజంగానే కోయించండి. ముందు కుడి వరస కత్తిరించేశారు. ఇక కింది వరస కత్తిరించబోతే అందులో 12 గళ్లు లేవు, 11 ఉన్నాయి. మూల గడి ముందే పోయింది. మనం మాత్రం లెక్కలో దాన్ని రెండుసార్లు తీసేశాం. కాబట్టి ఒకసారి తిరిగి కలపాలి: ¼ × ⅓ = 1/12. జవాబు 4 7/12. గళ్లతో చూస్తే 72 − 6 − 12 + 1 = 55, 55 ÷ 12 = 4 7/12.

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని పిల్లలు బట్టీ పట్టే సూత్రం, ఇదిగో, ఈ ఒక్క గడి. ఎనిమిదో తరగతిలో బీజీయ సమాసాల గుణకారం మొదలయ్యాక ఈ కత్తిరించిన కాగితం పనికొస్తుంది, పారేయకుండా నోటుబుక్కులో అంటించి పెట్టండి.

అడుగులు, అంగుళాలు: టేపుతో లెక్క

ఇంట్లో ఏదైనా గది కొలిపించండి. టేపు మీద అడుగుకి 12 అంగుళాలు కనుక ప్రతి అంగుళం అడుగులో పన్నెండో వంతు. గది 10 అడుగుల 6 అంగుళాలు, 8 అడుగుల 4 అంగుళాలు వచ్చిందనుకుందాం. అంటే 10½ × 8⅓.

నాలుగు ముక్కలు: 10 × 8 = 80. 10 × ⅓ = 3⅓. ½ × 8 = 4. ½ × ⅓ = ⅙. ⅓, ⅙ కలిస్తే ½. మొత్తం 87½ చదరపు అడుగులు.

మేస్త్రి నోట ఈ కొలత "పది ఆరు, ఎనిమిది నాలుగు". వినేవాళ్లు ఫోన్ కాలిక్యులేటర్లో 10.6 × 8.4 కొట్టేస్తారు, 89.04 వస్తుంది. ఆరు అంగుళాలు అర అడుగు, అంటే .5 గాని .6 కాదు. ఇక్కడ ఒకటిన్నర చదరపు అడుగుల తేడాతో పోయింది. అదే 10 అడుగుల 11 అంగుళాలని 10.11 అని కొడితే, ఇంచుమించు పదకొండు అడుగుల గోడ కాస్తా పది అడుగులకి దిగిపోతుంది. టైల్స్ తక్కువ పడేది అలాంటప్పుడే.

మూల ముక్కని విడిగా చూపించండి. అది 6 అంగుళాలు × 4 అంగుళాలు, 24 చదరపు అంగుళాలు. దాన్ని 24/12 చేసి 2 చదరపు అడుగులు అనేవాళ్లుంటారు. చదరపు అడుగుకి 12 × 12 = 144 చదరపు అంగుళాలు, కాబట్టి 24/144 = ⅙. మొత్తాన్ని అంగుళాల్లో సరిచూడాలంటే 126 × 100 = 12600, 144తో భాగిస్తే 87.5.

సెంట్లు, గజాలు

విశాఖలో సైటు గజాల్లో చెబుతారు, చుట్టుపక్కల పల్లెల్లో భూమి సెంట్లలో, ఎకరాల్లో చెబుతారు. ఎకరా 4840 చదరపు గజాలు, అందులో నూరో వంతు సెంటు, అంటే 48.4, భిన్నంలో 48⅖ గజాలు. రెండున్నర సెంట్లు ఎన్ని గజాలు?

48ని గళ్లతో గీయలేం. ఇక్కడి నుంచి కొలతకి గీయని బొమ్మ చాలు: చేత్తో ఒక దీర్ఘచతురస్రం, ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత. పైన 48, ⅖. పక్కన 2, ½. లోపల 96, ⅘, 24, ⅕. ⅘, ⅕ కలిస్తే 1. మొత్తం 121 గజాలు. 242/5 × 5/2 అని రాసి కొట్టివేతలు చేసుకునేవాళ్లకి కూడా అదే వస్తుంది గాని, ముక్కలుగా చేస్తే కాగితమే అక్కర్లేదు.

గళ్ల బొమ్మ నుంచి ఈ ఉత్త గీతల బొమ్మకి తొందరగా దాటించకండి. పిల్లవాడు గళ్లు లెక్కపెట్టకుండానే మూల ముక్క ⅛ అని చెప్పగలిగిన రోజు దాటించవచ్చు.

అరతో ముగిసే సంఖ్యల వర్గం

3½ × 3½ గీయండి. ముక్కలు 9, 1½, 1½, ¼. రెండు పట్టీలూ ఒకే కొలత, 3 పొడవు, ½ వెడల్పు. కింది పట్టీ కత్తిరించి కుడి పట్టీ పక్కన నిలబెట్టి అంటించండి. రెండు అరలు కలిసి ఒకటయ్యాయి. 3 × 3 కాస్తా 3 × 4 అయింది. మూల ¼ విడిగా మిగిలింది. 12¼.

10½ వర్గం 10 × 11 + ¼ = 110¼. 7½ వర్గం 56¼. 35 వర్గం కావాలంటే 3ని 4తో గుణించి పక్కన 25 పెట్టమని బళ్లో చెప్పే చిట్కా ఇదే. 35 అంటే 3½కి పది రెట్లు, వర్గం వంద రెట్లు: 12¼ × 100 = 1225. చిట్కా ముందే వచ్చిన పిల్లలకి ఈ పట్టీ అంటించే పని చేయిస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసి ఆశ్చర్యపోతారు.

వెనక్కి నడిపించడం

¾ × 17 + ¾ × 3 ఇచ్చి చూడండి. విడివిడిగా చేస్తే 12¾, 2¼. బొమ్మలో ఇవి ఒకే ఎత్తున్న రెండు పట్టీలు, ఎత్తు ¾. పక్కపక్కన పెడితే పొడవు 20, వైశాల్యం 15. పట్టీలు కలవాలంటే ఎత్తు ఒకటే ఉండాలి. ¾ × 17 + ⅔ × 3 ఇచ్చి కలపమంటే, ఎత్తులు కుదరక మెట్టు పడుతుంది. కలపడానికి వీల్లేదని పిల్లవాడే చెప్పాలి.

చేయించడానికి

మొదటి మూడు గళ్లతో, మిగతావి ఉత్త గీతలతో.

1½ × 2⅔. ముక్కలు 2, ⅔, 1, ⅓. జవాబు సరిగ్గా 4, భిన్నం మిగలదు.

4 × 3⅖. ఒక వైపే కోత, 13⅗.

6 × 1⅚. కూడికతోనూ వస్తుంది, కానీ ఆరో వంతు తక్కువ రెండు అనుకుంటే 12 − 1 = 11, రెప్పపాటులో అయిపోతుంది.

9 అడుగుల 9 అంగుళాలు × 10 అడుగులు. పావు తక్కువ పది. 97½ చదరపు అడుగులు.

చివరిది లెక్క కాదు, దిద్దుడు. 2⅓ × 1½ = 2⅙ అని నోటుబుక్కులో రాసి పిల్లవాడికి ఇవ్వండి. తప్పని చెప్పకండి. బొమ్మ గీసి, ఈ రాసినవాడు ఏ రెండు ముక్కలు వదిలేశాడో వెతకమనండి. 1, ⅓ దొరకాలి. అవి 2⅙కి కలిపితే 3½.